అదునూ పదునూ



మా నాయన వ్యవసాయం చేసేవాడు. నల్లగొండ జిల్లాలో మాది చెలక భూమి, వాన మీద బతికే సేద్యం. రోహిణి పోయి మృగశిర కార్తె వచ్చిందంటే ఆయన చూపంతా ఆకాశం మీదే ఉండేది. వాన పడ్డ మర్నాడు తెల్లవారకముందే చెలకకు పోయి, గుప్పెడు మట్టి తీసి పిసికి చూసేవాడు. ఇంటికొచ్చి, "అదునైతే వచ్చింది గాని, ఇంకా పదును గాలేదు" అనేవాడు. అదును అంటే విత్తడానికి తగిన కాలం. పదును అంటే గింజ మొలకెత్తడానికి చాలినంత తడి నేలలో ఉండడం. ఈ రెండింటిలో ఏది తక్కువైనా విత్తనం మట్టిపాలయినట్టే.

పాఠాలు చెప్పే ఉద్యోగంలోకి వచ్చాక మా నాయన మాటలు నాకు ప్రతి ఏడాదీ గుర్తొచ్చేవి. విశ్వవిద్యాలయానికీ కార్తెలుంటాయి. ఫలానా నెలలో దరఖాస్తు పెట్టాలి, ఫలానా వారంలో పేరు రాయించుకోవాలి. ఆ గడువు దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి. రెండేళ్ళ పీజీ చదువులో ఏడాది పోయిందంటే సగం చదువు పోయినట్టే కదా. చదువుకున్న తల్లిదండ్రులున్న ఇంట్లో ఈ లెక్కలన్నీ అన్నం తినేటప్పుడు మాటల్లోనే పిల్లల చెవిన పడతాయి. తన ఇంటి నుంచి మొట్టమొదటిసారి విశ్వవిద్యాలయం గేటు దాటిన పిల్లకో, పిల్లాడికో ఆ కబురు చెప్పేవాళ్ళుండరు. ఆ పిల్లల తెలివి ఎవరికీ తీసిపోదు. వాళ్ళకు అందనిది కబురు ఒక్కటే. ఆ కబురు చెప్పడానికే ఈరోజు మీ ముందు కూర్చున్నాను. రాబోయే ఏడాదిలో క్యాంపస్‌లో ఏమేం జరుగుతాయి, వాటిలో మీకు దక్కవలసినవి ఏమిటి, వాటికోసం ఎప్పటి నుంచి సిద్ధపడాలి అన్నది ఒక పంచాంగంలాగా చెప్పుకుందాం.

ఉదాహరణకు నాకు బాగా తెలిసిన ఉస్మానియా విశ్వవిద్యాలయాన్నే తీసుకుంటాను. వరంగల్‌లోనో, విశాఖపట్నంలోనో, తిరుపతిలోనో చదువుకుంటున్నవాళ్ళు తమ క్యాంపస్‌కు తగ్గట్టు దీన్ని మార్చుకోండి. నెలలు దాదాపు ఇవే ఉంటాయి.

ఉస్మానియా 1918లో మొదలైంది. ఆ రోజుల్లో దేశంలోని విశ్వవిద్యాలయాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులో బోధిస్తుంటే, ఇది మాత్రం ఒక భారతీయ భాషలో, ఉర్దూలో, పై చదువులు చెప్పడానికి పూనుకుంది. దానికోసం ప్రత్యేకంగా ఒక అనువాద సంస్థను నెలకొల్పి, గణితం, విజ్ఞానశాస్త్రం, చరిత్ర, న్యాయశాస్త్రం పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. ఉర్దూ మన జిల్లాల్లో అందరి ఇంటి భాష కాదన్నది నిజమే. దాని వల్ల తెలుగు పిల్లలు పడ్డ ఇబ్బందీ నిజమే. అయినా పెద్ద చదువును దేశభాషలో చెప్పవచ్చునన్న నమ్మకం ఆ పునాదిలో ఉంది. ఈ సంగతి ఇప్పుడెందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇక ఆ చుట్టుపక్కల ఏమున్నాయో చూడండి. ఆర్ట్స్ కాలేజీ భవనం అందరికీ తెలిసిందే. 1939లో ప్రారంభమైన ఆ రాతి భవనం ముందు ఫోటో దిగని విద్యార్థి ఉండడు. అక్కడి నుంచి తార్నాక వైపు నడిస్తే జాతీయ పోషకాహార సంస్థ వస్తుంది. 1918లో నీలగిరుల్లోని కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. ఆ దగ్గరలోనే రసాయన సాంకేతిక సంస్థ, ఐఐసీటీ ఉంది. 1944లో నిజాం సంస్థానపు ప్రయోగశాలగా దానికి అంకురం పడింది. ఇంకాస్త ముందుకు పోతే హబ్సిగూడలో జీవకణాల మీద, అణువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ. దాటితే భూమి పొరల్ని, భూకంపాల్ని చదివే ఎన్‌జీఆర్‌ఐ. మెట్రో రైలెక్కితే ఆ సంస్థ పేరుతోనే ఒక స్టేషన్ ఉంది. ఇటు క్యాంపస్‌ను ఆనుకొని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, ఇఫ్లూ. దేశంలో ఇన్ని పెద్ద సంస్థలు ఒక విశ్వవిద్యాలయం చుట్టూ గుమిగూడిన చోట్లు ఎక్కువ ఉండవు. అయినా రోజూ ఆ గేట్ల ముందు నుంచే బస్సులో పోతూ, లోపల ఏం జరుగుతుందో ఒక్కసారీ చూడకుండానే ఎమ్మెస్సీ పూర్తి చేసిన పిల్లలు నాకు తెలుసు. "మనల్ని లోపలికి రానిస్తారా మేడమ్?" అని అడిగేవాళ్ళు. రానిస్తారు. ఎప్పుడు, ఎలా అన్నదే తెలుసుకోవాలి.

సరే, పంచాంగంలోకి వద్దాం.

వానాకాలంలో క్లాసులు మొదలవుతాయి. మొదటి నెలంతా హాస్టల్, బస్‌పాస్, ఫీజుల హడావిడిలోనే గడిచిపోతుంది. ఆ హడావిడిలోనే చేసుకోవలసిన పని ఒకటుంది. కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు మీసేవలో తీసుకొని, బ్యాంకు ఖాతా ఆధార్‌తో కలిపి ఉందో లేదో చూసుకొని, ఈపాస్ వెబ్‌సైట్‌లో స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. చివరి వారం దాకా ఆగితే సర్వర్ తెరుచుకోదు, మీసేవ ముందు వరుస కదలదు. పత్రాలన్నీ ఒకే కవరులో పెట్టుకొని, ఫోన్‌లో కూడా ఒక ప్రతి దాచుకోండి. ఆ కవరు ఏడాదంతా పనికొస్తుంది. ఆ నెలలోనే గ్రంథాలయం కార్డు కూడా తీసుకోండి.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జాతీయ సేవా పథకం ఎన్‌ఎస్‌ఎస్‌లో, విద్యార్థి సైనిక దళం ఎన్‌సీసీలో చేర్చుకుంటారు. చాలామంది వీటిని ఖాళీగా ఉన్నవాళ్ళు చేసే పనులనుకుంటారు. ఎన్‌ఎస్‌ఎస్ 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి ఏడాదిలో, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి. ఒక ఊరును దత్తత తీసుకొని, ఏడు రోజులు అక్కడే ఉండి శిబిరం నడపాలి. నేను చాలా శిబిరాలకు పిల్లల వెంట వెళ్ళాను. నలుగురిలో నోరు విప్పని పిల్ల ఏడో రోజు గ్రామసభలో మైకు పట్టుకొని మాట్లాడడం చూశాను. ఏ ఇంటర్వ్యూ కోచింగూ అంత త్వరగా ఆ పని చేయలేదు. ఎన్‌సీసీ సంగతికొస్తే, సీ సర్టిఫికెట్ మంచి గ్రేడుతో తెచ్చుకున్న పట్టభద్రులకు సైన్యంలో ఆఫీసరు కావడానికి ప్రత్యేక ప్రవేశం ఉంది. రాత పరీక్ష లేకుండా నేరుగా, ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు వెళ్ళవచ్చు. ఆ సర్టిఫికెట్ డిగ్రీ చివర్లో కొనుక్కునేది కాదు. మొదటి ఏడాదే చేరితేనే మూడో ఏడాదికి చేతికొస్తుంది.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబరు 9 కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. ఈ రెండు రోజుల చుట్టూ వ్యాసరచన, వక్తృత్వం, కవితా పోటీలు జరుగుతాయి. సైన్సు పిల్లలు, ఇంజనీరింగు పిల్లలు కూడా వీటికి రావాలని నా కోరిక. తాను చదివే విషయాన్ని సొంత భాషలో ఐదు నిమిషాలు తడబడకుండా చెప్పగలిగినవాడికి ఆ విషయం నిజంగా వచ్చినట్టు లెక్క.

సెప్టెంబరు 26 శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ స్థాపక దినోత్సవం. 1942లో ఆ రోజున ఆ మండలి ఏర్పడింది. ఇందాక చెప్పిన సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ మూడూ దాని ప్రయోగశాలలే. ఆ రోజుల్లో ఈ ప్రయోగశాలలు విద్యార్థుల కోసం తలుపులు తెరుస్తాయి. శాస్త్రవేత్తలు, పరిశోధక విద్యార్థులు తమ పరికరాల పక్కన నిలబడి, బడిపిల్లలు అడిగిన ప్రశ్నలకు కూడా ఓపికగా జవాబు చెబుతారు. మీరు వెళ్ళండి. ఊరికే చూసి రాకుండా, ఒక పరిశోధక విద్యార్థితో మాట్లాడండి. "మీరు ఇక్కడికి ఎలా వచ్చారు?" అని అడగండి. ఆయన చెప్పే దారే మీకూ దారి కావచ్చు.

అక్టోబరు, నవంబరు నెలలు మన పంచాంగంలో మృగశిర వంటివి. సంవత్సరం మొత్తంలో అతి ముఖ్యమైన విత్తనం పడేది అప్పుడే. దేశంలో మూడు విజ్ఞాన అకాడమీలున్నాయి. ఒకటి సి.వి. రామన్ 1934లో బెంగళూరులో స్థాపించిన భారతీయ విజ్ఞాన అకాడమీ. రెండోది ఢిల్లీలోని భారతీయ జాతీయ విజ్ఞాన అకాడమీ. మూడోది మేఘనాద్ సాహా చొరవతో 1930లో పుట్టిన అలహాబాదు అకాడమీ. ఈ మూడూ కలిసి ప్రతి వేసవిలో విద్యార్థులకు పరిశోధన ఫెలోషిప్ ఇస్తాయి. ఎంపికైతే రెండు నెలలపాటు దేశంలోని ఏదో ఒక మంచి ప్రయోగశాలలో ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయవచ్చు. నెలకింత అని భృతి ఇస్తారు, రైలు చార్జీలు ఇస్తారు. దరఖాస్తుకు మార్కుల పత్రాలతో పాటు, ఏ విషయం మీద పనిచేయాలనుకుంటున్నారో మీ సొంత మాటల్లో రాసిన ఒక పేజీ, మిమ్మల్ని ఎరిగిన ఒక అధ్యాపకుడి సిఫారసు లేఖ కావాలి. చూడండి, పని జరిగేది వేసవిలో, దరఖాస్తు మాత్రం వానలు వెలిసే వేళకే పడాలి. చాలామందికి వేసవి అనగానే మార్చిలో గుర్తొస్తుంది. అప్పటికి అదును పోయి నాలుగు నెలలవుతుంది. ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ కూడా వేసవి విద్యార్థులను తీసుకుంటుంది. దానికి జనవరిలో చూసుకోవాలి.

ఆ చలికాలంలోనే ఆటలు, కళలు కూడా ఉంటాయి. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం అంతర విశ్వవిద్యాలయ క్రీడలనూ, యువజనోత్సవాలనూ నడుపుతుంది. మొదట కాలేజీల మధ్య పోటీ, అక్కడ గెలిస్తే మండల స్థాయి, ఆపైన జాతీయ స్థాయి. యువజనోత్సవంలో సంగీతం, నృత్యం, సాహిత్యం, రంగస్థలం, చిత్రకళ అని ఐదు విభాగాలు. వాటిలోపల ఏముంటాయో విన్నారా? జానపద నృత్యం, జానపద వాద్యబృందం, మిమిక్రీ, మూకాభినయం, ముగ్గులు, మట్టిబొమ్మలు చేయడం, కార్టూన్. మన ఊరి పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్యలివి. డప్పు కొట్టే పిల్లాడు హాస్టల్‌లో ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడతాడు. సంక్రాంతికి వాకిలి నిండా ముగ్గేసే పిల్ల దాన్ని విద్య అనుకోదు. విశ్వవిద్యాలయం మాత్రం దాన్ని విద్యగానే గుర్తించి, తన ప్రతినిధిగా పంపడానికి సిద్ధంగా ఉంది. మీరు వెళ్ళి పేరివ్వాలి, అంతే.

డిసెంబరులో హైదరాబాదులో పుస్తక ప్రదర్శన. అధ్యాపక ఉద్యోగానికీ, పరిశోధన ఫెలోషిప్‌కూ అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ కూడా ఆ నెలకు దగ్గరపడుతుంది. ఆ పరీక్ష ఏడాదికి రెండుసార్లు, జూన్ పేరుతో ఒకటి, డిసెంబరు పేరుతో ఒకటి. సైన్సు వాళ్ళకు సీఎస్‌ఐఆర్‌తో కలిసి జరిగే నెట్ వేరుగా ఉంటుంది. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తర్వాత సీనియర్ ఫెలోగా 42,000. 2023 జనవరి నుంచి ఈ రేట్లున్నాయి. పీహెచ్‌డీ చేస్తే ఇంటికి భారమవుతానని వెనక్కి తగ్గే పిల్లలు ఈ అంకె ఒక్కసారి తమ తల్లిదండ్రులకు చెప్పాలి. పీజీ చివరి ఏడాదిలో ఉండగానే ఈ పరీక్ష రాయవచ్చు. తెలుగు సాహిత్యం చదివేవాళ్ళు తమ విషయం పేపరును తెలుగులోనే రాస్తారు. ఫెలోషిప్ రాకపోయినా, పీహెచ్‌డీ ప్రవేశానికి నెట్ స్కోరును పరిగణించేలా 2024లో యూజీసీ మార్పు తెచ్చింది.

ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం. 1928లో ఆ రోజున రామన్ తన కాంతి పరిశోధన ఫలితాన్ని కనుగొన్నారు. శాఖలన్నీ ప్రదర్శనలు పెడతాయి. ప్రేక్షకుడిగా కాకుండా ఒక బల్ల వెనకాల నిలబడి వివరించేవాడిగా పాల్గొనండి. మార్చి తర్వాత ప్రాంగణ నియామకాలు, ప్రాజెక్టులు, పరీక్షలు ముంచుకొస్తాయి. వాటి హడావిడి అందరికీ తెలిసిందే కనుక నేను ఎక్కువ చెప్పను. ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాను. ఇంటర్న్‌షిప్ ఇస్తామని, ఉద్యోగం ఇస్తామని మీ దగ్గరే డబ్బు అడిగేవాళ్ళుంటారు. పరీక్షకు దరఖాస్తు రుసుము వేరు, పనిలో చేర్చుకోవడానికి వేలకు వేలు కట్టమనడం వేరు. అలా అడిగితే ముందు మీ శాఖలో పెద్దవాళ్ళకు చూపించండి.

ఇదంతా అదును. ఇక పదును గురించి చెప్పాలి. ఇక్కడ నా తప్పొకటి మీతో చెప్పుకోవాలి.

చాలా ఏళ్ళ కిందటి మాట. ఒక సాయంత్రం మా స్టాఫ్‌రూమ్ గుమ్మంలో ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. చేతిలో వేసవి ఫెలోషిప్ దరఖాస్తు. "మేడమ్, సిఫారసు లేఖ కావాలె. రేపే ఆఖరి రోజు" అంది. నా క్లాసులోనే మూడో వరుసలో కూర్చునే పిల్ల. ముఖం తెలుసు. పేరు గుర్తుకు రాలేదు. ఆమె ఏం చదువుతుంది, దేని మీద ఇష్టం, ప్రయోగశాలలో చేయి ఎలా తిరుగుతుంది, ఏదీ నాకు తెలియదు. తెలియని పిల్ల గురించి నాలుగు మంచి వాక్యాలు అల్లడం నాకు చేతకాలేదు. "ఇంత ఆలస్యంగా వస్తే ఎట్లమ్మా?" అన్నాను. ఆమె తలవంచుకొని వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆలస్యం ఆమెది ఒక్కదానిదే కాదు. నాలుగు నెలలు నా ఎదురుగా కూర్చున్న పిల్ల పేరు తెలుసుకోకపోవడం నా ఆలస్యం. ఆ నోటీసు మా బోర్డు మీద నెల రోజులు వేలాడింది. అది ఎవరి కోసమో, దానికి ఏమేం కావాలో ఒక్క క్లాసులో కూడా నేను చెప్పలేదు.

మర్నాడు ఆమెను పిలిపించి మాట్లాడాను. వాళ్ళది మా ఊరికి దగ్గరే. నోటీసు చూసిందట. ఇంగ్లీషులో రెండు పేజీలుంటే, ఇదేదో ఐఐటీ పిల్లల కోసమనుకొని ముందుకు పోయిందట. చివరికి ఎవరో స్నేహితురాలు చెబితే పరుగెత్తుకొచ్చింది. మరుసటి ఏడాది ఆమె ఆగస్టులోనే వచ్చింది. ఆ మూడు నెలల్లో ఏం చేసిందో చెబుతాను. తనకు ఏ పాఠం మీద మక్కువో తేల్చుకుంది. ఆ పాఠం మీద లైబ్రరీలో రెండు పుస్తకాలు చదివి, అర్థంకానివి నన్నడిగింది. తాను రాసిన పేజీని మూడుసార్లు తిరగరాసింది. మొదటిసారి తెలుగులో రాసుకొని, తర్వాత ఇంగ్లీషులో పెట్టింది. నవంబరులో నేను లేఖ రాయడానికి కూర్చున్నప్పుడు కలం ఆగలేదు. ఆ వేసవిలో ఆమె బెంగళూరులో ఒక ప్రయోగశాలలో రెండు నెలలు పనిచేసి వచ్చింది.

పదును అంటే ఇదే. అధ్యాపకులలో కనీసం ఒక్కరికి మీరు పేరుతో, మీ ఇష్టంతో తెలిసి ఉండాలి. మీ గురించి మీరు ఒక పేజీ రాసుకోగలగాలి. కాగితాలు కవరులో సిద్ధంగా ఉండాలి. ఈ మూడూ ఉంటే ఏ నోటీసు వచ్చినా మీరు పరుగెత్తనక్కరలేదు. ఇఫ్లూలో పార్ట్‌టైమ్‌గా ఒక విదేశీ భాష నేర్చుకున్నా, స్వయం అనే ఆన్‌లైన్ వేదిక మీద ఉచితంగా దొరికే కోర్సు ఒకటి చేసినా అది కూడా నేలలో తడి పెంచుకోవడమే. రేపు విదేశీ చదువుకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధికో, ఫుల్‌బ్రైట్‌కో దరఖాస్తు చేసినప్పుడు ఇవన్నీ పనికొస్తాయి.

ఊరి నుంచి వచ్చిన పిల్లలకు ఒక పేరు గుర్తుచేస్తాను. సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేట అనే చిన్న ఊళ్ళో పుట్టిన కవి సి. నారాయణరెడ్డి గారు చదువుకున్నది ఉర్దూ మాధ్యమంలో. హైదరాబాదు వచ్చాక శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో తెలుగు పుస్తకాలు చదువుకున్నారు. 1901లో మొదలైన ఆ గ్రంథాలయం తలుపు అందరికీ తెరిచే ఉండేది. ఎందరో దాని ముందు నుంచి నడిచి వెళ్ళి ఉంటారు. ఆయన లోపలికి వెళ్ళారు. ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చేసి, 1962లో పీహెచ్‌డీ పొంది, అక్కడే ఆచార్యులయ్యారు. 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకున్నారు. ఆయన ప్రతిభ ఆయనది. దానికి తగిన తడి మాత్రం ఒక గ్రంథాలయంలో దొరికింది.

ఇప్పుడు నోటీసుల భాష సంగతి. ఉస్మానియా పునాది గురించి ఇందాక చెప్పానే, అది ఇందుకే. వందేళ్ళ కిందట మొత్తం విజ్ఞానశాస్త్రాన్నే ఒక దేశభాషలోకి తేవడానికి పూనుకున్న చోట, ఒక పేజీ నోటీసును తెలుగులో, ఉర్దూలో చెప్పడం కష్టమైన పనా? విశ్వవిద్యాలయాల పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ప్రతి ముఖ్యమైన ప్రకటన కింద నాలుగు వాక్యాలు తెలుగులో రాయించండి. ఎవరు అర్హులు, ఏమిస్తారు, ఏమేం కావాలి, ఆఖరి రోజెప్పుడు. ఈ నాలుగూ చాలు. అధ్యాపక మిత్రులకు నా విన్నపం, వారానికి ఒక్క రోజు క్లాసులో చివరి ఐదు నిమిషాలు వీటికి కేటాయించండి. మీ ఐదు నిమిషాలు ఒక పిల్ల జీవితంలో ఏడాదిని నిలబెడతాయి.

ఈ ప్రసంగం వింటున్న తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ బిడ్డ ఫోన్ చేసి, రెండు నెలలు బెంగళూరు పోతానో, వారం రోజులు శిబిరానికి పోతానో అంటే మీకు భయం వేస్తుంది. ఆడపిల్లయితే మరీ. ఆ భయం సహజమే. వద్దనే ముందు వివరాలు అడగండి. ఎక్కడ ఉంటారు, ఎవరి దగ్గర పనిచేస్తారు, వెంట ఎవరొస్తారు అని అడగండి. కాలేజీకి ఫోన్ చేసి అధ్యాపకులతో మాట్లాడండి. మాట్లాడి, నమ్మకం కుదిరాక పంపండి. నేను చెప్పిన ఆ అమ్మాయి తండ్రి కూడా మొదట ఒప్పుకోలేదు. ఒకరోజు కాలేజీకి వచ్చి, నా ఎదురుగా కూర్చొని గంటసేపు అడిగి తెలుసుకున్నాడు. చివరికి బిడ్డను తానే వెంట తీసుకుపోయి హాస్టల్‌లో దింపి, అక్కడి ప్రయోగశాల గేటు దాకా నడిచి చూసి వచ్చాడు.

ఆ అమ్మాయి బెంగళూరు నుంచి తిరిగొచ్చాక మొదటి వారంలోనే ఒక పని చేసింది. ఒక పెద్ద తెల్లకాగితం మీద నెలల పేర్లు రాసి, ఏ నెలలో దేనికి దరఖాస్తు పెట్టాలో తన గుండ్రటి చేతిరాతలో తెలుగులో రాసింది. మా శాఖ నోటీసు బోర్డు మీద, ఇంగ్లీషు నోటీసుల పక్కన దాన్ని అతికించింది. అడుగున, "అనుమానముంటే ఫలానా గదిలో నన్నడగండి" అని రాసింది. ఆమె చదువు పూర్తయి వెళ్ళాక ఆ కాగితం చిరిగిపోతే, జూనియర్లు కొత్త కాగితం మీద తిరిగి రాశారు. తేదీలు మారితే మార్చారు, కొత్తవి వస్తే చేర్చారు. నేను ఆ కాలేజీ వదిలి వచ్చేనాటికి అది ఎన్నో చేతుల రాతలో ఉంది.

చిన్నప్పుడు నేను గమనించిన ఒక విషయంతో ముగిస్తాను. మట్టి పిసికి చూసి పదునైందని తేలిన రోజు మా నాయన ఆ సంగతి తన దగ్గరే దాచుకునేవాడు కాదు. గట్టు మీద నిలబడి, రెండు చెలకల అవతల ఉన్నవాళ్ళకు వినబడేలా, "పదునైందిరా! రేపు గొర్రు కట్టుండ్రి!" అని కేకేసేవాడు. అవతలి గట్టు మీది మనిషి ఆ కేకను ఇంకో గట్టుకు అందించేవాడు. తెల్లారేసరికి ఊరంతా చెలకల్లోనే ఉండేది. ఎవరి పంట వాళ్ళదే అయినా, ఆ కబురు మాత్రం ఊరందరిదీ.

రేపు పొద్దున క్లాసుకు పోతూ మీ శాఖ నోటీసు బోర్డు ముందు ఒక్క నిమిషం ఆగండి. ఒక నోటీసును మొదటి నుంచి ఆఖరి తేదీ దాకా చదవండి. చదివాక, మీ పక్క గదిలో ఉన్న పిల్లనో పిల్లాడినో కేకేసి చెప్పండి.